కాల్చని గీత

ఫారెస్ట్రీ చదువుతున్న కూతురు ఒళ్లంతా పొగ వాసనతో ఇంటికొచ్చేసరికి తల్లి అన్నం వడ్డించి కూర్చుంది.

"ఇవాళ కాలేజీలో ఏం నేర్పారే?"

"అడవికి తీసుకెళ్లి నిప్పు పెట్టడం నేర్పారమ్మా."

"మీ నాన్న మంటలు ఆర్పబోయి తిరిగి రాలేదు. నువ్వు పెట్టి వచ్చావా?"

"ఇది వేరమ్మా. ఎండలు ముదరకముందే ఎండుటాకుల్ని ఒక బాటలా కాల్చేస్తాం. ఫైర్ లైన్ అంటారు. వేసవిలో మంట రేగినా అక్కడిదాకా వచ్చి ఆరిపోతుంది."

"నాకు తెలీకపోవడమేంటి? ఫారెస్ట్ గార్డుగా ఏటా చలికాలం మీ నాన్న చేసింది ఆ పనే."

"మరి ఆ ఏడు మంట ఎలా దాటింది?"

తల్లి కూర గిన్నె అటు జరిపింది, ఇటు జరిపింది.

"ఆ ఏడు కాల్చలేదు. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు."

"అంత పనున్నప్పుడు సెలవెందుకు పెట్టారు?"

"ఏదో పెట్టారులే. తిను, చల్లారిపోతోంది."

కూతురు కంచం వైపు చూడలేదు.

"అమ్మా, నేను పుట్టింది ఆ చలికాలమే కదా."

"చేతికి ఆ మసేంటి? ముందు కడుక్కునిరా."

ఆమె కదల్లేదు. తల్లే చెంబుతో నీళ్లు తెచ్చి, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని కడగసాగింది.

"ఆ నెలంతా మీ నాన్న నిన్ను ఒళ్లోంచి దించితే ఒట్టు."