రెండు పళ్ళ విభాగం

హలో… ఆ, నేనేనండీ. పశువుల ల్యాబు డాక్టర్ ఉషశ్రీని. మీరెవరు?…

ఏ జయదేవ్?…

ఓ. మీరా.

గుర్తుపట్టకేం? మర్చిపోయే మనిషా మీరు! చెప్పండి…

బాబాయ్ అని పిలవట్లేదనా? అది పోయిన తిరనాళ్ళ రోజునే మానేశాను. మీరు గమనించి ఉండరు. మైకు చేతిలో ఉంది గదా…

సరే, విషయం చెప్పండి. ఇవాళ బండలాగుడు పందేలు. గిత్తల దగ్గరుండకుండా బెజవాడకి ఫోనేంటి?…

ఊఁ…

ఊఁ… అబ్బో, పందేల కమిటీ మీ గిత్తనే పక్కన పెట్టిందా? రెండు పళ్ళ విభాగంలో కట్టనివ్వలేదా? ఎందుకని?…

మరి పళ్ళ లెక్కనిబట్టే వయసు కట్టేచోట, ఐదేళ్ళ గిత్త నోట్లో రెండే పళ్ళుంటే ఎవరికైనా అనుమానం రాదటండీ? ఈపాటికి ముందుపళ్ళు ఎనిమిదీ వచ్చేసుండాలి. వయసు దాచడానికీ లేదు, అది పుట్టినప్పుడు ఊరంతటికీ జున్ను పంచింది మీరే…

పళ్ళు పీకి చిన్న విభాగంలోకి దింపారంటున్నారా? పట్టకారుతోనా?…

అయ్యయ్యో.

నవ్వట్లేదండీ. దగ్గొచ్చింది.

సర్టిఫికెట్టా?… పీకింది కాదు, పుట్టుకతోనే అంత అని నేను రాసివ్వాలా? నాలుగింటిలోగా?…

ఎవరు నమ్ముతారండీ! పోయినేడు మా నాన్న మొత్తుకున్నది అదే గదా. 'నేను పీకలేదయ్యా, దీనికి రాలేదంతే' అని. అరవై రెండేళ్ళ హనుమయ్య, అంతమంది ముందు మీకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. మీరేమన్నారు?…

గుర్తులేదా? నాకుంది. 'మూగజీవం నోట్లో పట్టకారు పెట్టినవాడు మనిషేనా' అన్నారు. మైకులో. మా గిత్త చంద్రం దవడ పట్టుకు తెరిచి, తిప్పి తిప్పి చూపించారు, అదేదో మీరు కనిపెట్టిన వింతైనట్టు…

అయిపోయిందా? మీకయిపోయింది. ఆ వారంలోనే నాన్న ఎడ్ల జతని అమ్మేశాడు. పొలానికి ఊళ్ళోంచి పోడు, కాలవ వెనకనించి చుట్టు తిరిగి పోతాడు. సెంటర్లో టీ తాగి ఏడాదైంది ఆయన…

ఏంటి? నేను డాక్టర్నే గదా, ఆ రోజే చెప్పొచ్చుగా అంటారా?

వినండి జయదేవ్ గారూ. ఆ రోజు నాకూ తెలీదు. ఇంటికొచ్చాక నేనూ అడిగాను. 'నిజం చెప్పు నాన్నా, పీకావా?' అని. నా నోటితో నేనే అడిగాను. అన్నం కలుపుతున్నాడు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మీరు మైకులో అన్నదానికంటే అది ఎక్కువ తగిలింది ఆయనకి. ఆ మాట నా చేత అనిపించింది మీరు. అందుకే మిమ్మల్ని వదల్దల్చుకోలేదు.

లైన్లో ఉన్నారా?… ఉండండి. మీక్కావలసిందే చెబుతున్నాను.

మొసలికి పన్ను ఊడితే ఇంకోటొస్తుంది. అదీ ఊడితే ఇంకోటి. ముసలిదయ్యేదాకా అంతే. ఎలుకకైతే ముందుపళ్ళు పెరుగుతూనే ఉంటాయి, కొరికి కొరికి అరగదీసుకోవాలి. మనకీ ఎద్దుకీ ఒక్కసారే. పాలపన్ను కింద, దవడలో, అసలు పన్నుకి మొలక పడి ఉండాలి. ఎక్కడ పడాలో, ఎన్ని పడాలో చెప్పేవి జన్యువులు. వాటిలో ఒకదాంట్లో తప్పుంటే మొలకే పడదు. పాలపన్ను అరిగి రాలిపోతుంది. కింద నుంచి వచ్చేదేమీ ఉండదు. వట్టి చిగుళ్ళే…

అవును, మీ గిత్తకున్నట్టే. మా చంద్రానికున్నట్టే. కొన్నవాణ్ణి బతిమాలి దానికి ఎక్స్‌రే తీయించాను. పీకి ఉంటే ఎముకలో పన్ను దిగిన గుంట ఆనవాలుండాలి. లేదు. అక్కడ పన్నన్నది ఎప్పుడూ పుట్టలేదు.

ఆగండాగండి. అంత సంబరం వద్దు. ఆ తప్పు ఊరికే గాల్లోంచి వచ్చిపడదు గదా, తల్లి నుంచో తండ్రి నుంచో రావాలి…

తల్లివైపని రాయమంటారా? ఎంత తెలివండీ!

మొన్న గాలికుంటు టీకాలకి వచ్చినప్పుడు రక్తం తీశాం, గుర్తుందా? మీ గిత్తకి కూడా. చంద్రంతో కలిపి నాలుగు ఊళ్ళలో నాలుగు పశువులు. నాలుగింటికీ నోట్లో అదే ఖాళీ, జన్యువులో అదే తప్పు. తల్లులు నలుగురూ వేరు. తండ్రి ఒక్కడే. మీ దొడ్లో ఆబోతు.

దాని నోరు చూసినవాడు ఊళ్ళో ఒక్కడున్నాడా? చేలో పైరు లేని ఎండాకాలంలో కూడా మూతికి చిక్కం కట్టే ఉంచుతారు. దేనికో అనుకునేదాన్ని. మీకు ముందే తెలుసు. దానికి పళ్ళు రాలేదని తెలుసు, దాని దూడలకీ రావట్లేదని తెలుసు. చంద్రం దాని దూడేనని కూడా తెలుసు. తెలిసి తెలిసి మైకందుకున్నారు…

అరవకండి. అరిస్తే పళ్ళొస్తాయా?

ఆబోతు పేరు రాస్తే ఇంక మీ దొడ్డికి ఒక్కరూ ఆవుని తోలుకురారు. రాయకపోతే మీరు పట్టకారు జయదేవ్. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏంటో ఇన్నాళ్ళకి తెలిసొచ్చిందా?…

అవునూ, ఈ నంబరు మీకెవరిచ్చారు? కొత్తది గదా…

ఏంటి?

నాన్నా?… నాన్న ఇచ్చాడా?

ఎక్కడున్నారు మీరు?… మా అరుగు మీదా! ఆయన పక్కనే ఉన్నాడా?… మజ్జిగ కూడా ఇచ్చాడా?

ఇస్తాడు. గడప తొక్కిన శత్రువుకైనా ఇస్తాడు. నేను ఆయనంత మంచిదాన్ని కాదు…

సరే, ఇవ్వండి…

నాన్నా… ఆ, తిన్నాను. నువ్వు?… ఊఁ… రాసివ్వమంటావా? ఆయన చేసింది ఆయనకే వదిలెయ్యాలా?… ఆ గిత్తేం పాపం చేసిందంటావా? మరి నువ్వేం పాపం చేశావు నాన్నా?… సరే. సరేలే, కసురుకోనులే. ఫోన్ ఆయనకివ్వు. నువ్వు మాత్రం లోపలికి పోకు. అక్కడే కూర్చో.

జయదేవ్ గారూ. మీ గిత్త పళ్ళు పీకింది కాదని రాస్తాను. కానీ ముందు మీరొకటి చెప్పాలి. నాకు కాదు, ఆయనకి…

తిరనాళ్ళలో అన్నది అబద్ధమని. తెలిసే అన్నానని…

మైకక్కర్లేదు. మొహం చూసి చెప్పండి చాలు…

మీ ఇష్టం. నాలుగింటికి ఇంకా గంటుంది, ఆలోచించుకోండి…

ఊఁ, కానివ్వండి…

గట్టిగా. ఆయనకి కుడిచెవి సరిగా వినపడదు…

లేదు, 'తెలిసే' అన్నమాట మింగేశారు. మళ్ళీ…

ఆ. వినపడింది.

నాన్నేమన్నాడు?… కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడా…

…

లేదు, ఉన్నాను. ఉన్నానండీ.

సర్టిఫికెట్టు దేనికిప్పుడు? రిపోర్టు పొద్దున పదింటికే కమిటీకి వెళ్ళింది. మా నాన్న పేరు కడగడానికి పంపాను. పందేల హడావుడిలో తెరిచి చూసుకోలేదేమో, ఈపాటికి చదివే ఉంటారు…

మీ గిత్త పళ్ళు పీకింది కాదనే ఉంది. నిజం అదే గదా, అదే రాశాను. ఆబోతు సంగతి కూడా రాశాను. మొదటి పేజీలోనే…

మోసమా? నేనా?… పేరు రాయనని ఎక్కడన్నానండీ? మీరే అనుకున్నారు.

తిట్టుకోండి. ఎంత తిట్టుకున్నా ఇప్పుడన్నమాట వెనక్కి పోదు. ఆయన విన్నాడు. ఆయన ఒక్కడు వింటే చాలు నాకు.

ఇంక మా అరుగు దిగండి… దిగారా?

ఆగండి, ఒక్కసారి ఫోన్ నాన్నకి…

వద్దు. ఇవ్వకండి. ఆయనతో ఏం మాట్లాడాలో నాకింకా తెలీదు.

పెట్టేస్తున్నా.