చెరుకు పాటలో లీడరు పేరు

కంఠేశ్వర్‌లో పెళ్లి బ్యాండు సామాను దించుతూనే ప్రిస్కిల్లా, గిటారు వాయించే ప్రేమ్ మీద విరుచుకుపడింది. ఇద్దరూ పొట్టకోసం పెళ్లిళ్లలో వాయిస్తారు. కడుపుమంట చల్లారడానికి విడిగా ఒక ర్యాప్ బ్యాండు నడుపుతారు; అందులో ర్యాప్ చెప్పేది ఆమే.

"మన చెరుకు పాటల మా బాపు పేరు తీసి లీడర్ పేరు పెట్టినవా?"

"పెండ్లిళ్లల్ల పాటల పిల్లగాని పేరు పెడ్తం గద చెల్లె, గట్లనే. ఆయన బర్త్‌డేకు పాడాలె."

"చక్కెర ఫ్యాక్టరీ మూసినంక గేటు కాడ కూసోని కూసోనే పానం ఇడిసిండు మా బాపు. గా గేటు తెరిపిస్తనని ఓట్లేయించుకున్నది గీయనే!"

"గింత పెద్ద స్టేజి మళ్ల దొరకదు."

"నువ్వే ఎక్కు. నేను రాను, ఇగ బ్యాండులనే ఉండ."

"మరి ర్యాప్ ఎవరు చెప్పాలె?"

సొంత అన్నలా చూసుకున్నవాణ్ని విడవడం ఆమెకు కష్టంగానే ఉంది. అయినా మైకు అతని చేతిలో పెట్టేసింది.

"ఓట్లప్పుడు మస్తు చెప్పిండు గద, ఆయన్నే చెప్పుమను."