పట్టుకోకూడని దొంగలు

అరబ్బు దేశంలో, ఉమ్ అల్ క్వైన్ పాత గోదాముల దగ్గర ఇటలీవాళ్ళ సినిమా షూటింగు మళ్ళీ ఆగిపోయింది. వేషాలకి కూలీల్ని తెచ్చిపెట్టిన సత్యప్రసాద్, పోలీసు బట్టల్లో ఉన్న త్రిమూర్తుల్ని ఓ పక్కకి లాక్కొచ్చి చెడామడా దులిపేస్తున్నాడు.

“బుద్ధుందా నీకు? అసలు పట్టుకోమని ఎవడు చెప్పాడయ్యా?”

“దొంగలన్నారు కదండీ.”

“దొంగలే! ఇటలీలో బ్యాంకు దోచి ఇక్కడికి పారిపోయొచ్చిన కుర్రదొంగలు. అయితే?”

“నన్ను పోలీసన్నారు కదండీ.”

“అన్నారు!”

“మరి పోలీసన్నాక దొంగని పట్టుకోపోతే...”

“కథలో వాళ్ళు దొరకరయ్యా మగడా! గోడ దూకి, పడవెక్కి వెళ్ళిపోతారు. నువ్వు గోడ దాకా రానిస్తేగా! ఒకసారి కాలరు పట్టుకున్నావు. ఇంకోసారి జబ్బ పట్టుకున్నావు. ఇప్పుడు ఏకంగా హీరోని కిందపడేసి మీద కూర్చున్నావు!”

“ఆళ్ళూ ఓ దొంగలేనా అండీ? నాలుగడుగులేత్తే ఆయాసం. ఒకడైతే మధ్యలో జుట్టు సద్దుకుంటాడు. ఇంట్లో కార్లెట్టుకుని బ్యాంకులు దోచారంట. కడుపు నిండిన బేరం కాపోతే!”

“నీకెందుకయ్యా అదంతా?”

“పారిపోయేవోడు ఎనక్కి తిరిగి చూత్తాడా అండీ? చూశాడా, అయిపోయాడే. పైగా ఎర్ర చొక్కా! సందులన్నీ ఒదిలేసి తిన్నగా రోడ్డు మీద పరిగెడతాడు, సన్నాసి.”

“అబ్బో! వెళ్ళి డైరెక్టరుకి పాఠాలు చెప్పరాదూ?”

“అడిగితే చెబుదునండి.”

“నోర్ముయ్! రోడ్డు పక్కన పని కోసం నిలబడ్డవాణ్ణి, జాలిపడి తీసుకొచ్చాను చూడు, నన్నెయ్యాలి చెప్పుతో. నీ మొహం కూడా కనపడదయ్యా, వెనకనించే తీస్తున్నారు. నువ్వు చెయ్యాల్సిందల్లా మెల్లిగా పరిగెత్తడం. అది కూడా చేతకాదా?”

“మెల్లిగానే అనుకుంటానండి. బూట్ల చప్పుడు ఇనపడ్డాక ఈ కాళ్ళు నా మాట ఇనవు.”

“బూట్లు నీవేగదయ్యా!”

“ఆయ్. ఎవరియైతే ఏటండి, చప్పుడు చప్పుడే.”

“ఇదిగో, ముదీర్, అదే వాళ్ళ మేనేజరు, తేల్చి చెప్పేశాడు. ఈసారి కూడా పట్టుకున్నావంటే ఖలాస్. నువ్వూ, నేను తెచ్చిన మిగతావాళ్ళూ, అందరం ఇంటికే. నీ ఒక్కడి మూలంగా అందరి నోట్లో మట్టి.”

“పట్టుకోనండి.”

“ఒట్టు?”

“ఒట్టండి బాబూ. ఆడు కాళ్ళకి అడ్డం పడ్డా దాటుకునెల్లిపోతాను.”

“ఏడిశావు. ముందా మొహం తుడుచుకో. అయినా తంతే గారెల బుట్టలో పడ్డావు. నీ పరుగుని మెచ్చుకునేవాడు కూడా దొరికాడు.”

“ఎవరండీ?”

“అవతల మలుపులో రోడ్డు ఆపడానికి అసలు పోలీసులు వచ్చారుగా, వాళ్ళ పెద్దాయన. ‘ఎవడీ మనిషి, మా కుర్రాళ్ళు కూడా ఇలా ఉరకలేరు’ అని ఒకటే నవ్వు. నీతో చెయ్యి కలపాలని ఇటే వస్తున్నాడు.”

“అసలు పోలీసులా? అసలైనోళ్ళేనా అండీ?”

“కాదు, నీలాంటోళ్ళు! ఏవయ్యా! త్రిమూర్తులూ! చొక్కా ఎందుకు విప్పుతున్నావ్?”

“ఈ గోడ అవతల ఏటుందండీ?”

“ఇటువైపంతా ఎడారి! ఆగవయ్యా, ఆయన వచ్చేస్తున్నాడు. ఇంత పరుగు నీకెవరు నేర్పారని అడుగుతాడు, అంతేగా. ఏదో ఒకటి చెప్పెయ్.”

“పాస్‌పోర్టు పన్లో ఎట్టుకున్న కఫీల్ దగ్గరొదిలేసి పారిపోయొచ్చినోణ్ణండీ నేను. ఆయనకేం చెప్పమంటారు? తమరేనండీ, ఇన్నేళ్ళూ ఎనకబడి మరీ నేర్పించారని చెప్పనా?”