ఎల్లమంద రేజరు బెజ్జంలోకి చూసిన కథ

ఎల్లమందకి కుడిచెయ్యి వణకడం మొదలైందంట. మొదటేడు అన్నం ముద్ద నోటిదాకా వచ్చి ఆగేది, ఆ మరుసటేడు చెంబులో నీళ్ళు తొణికేవి, ఆ పైన కత్తి మీదికి వచ్చింది. యాభై ఏళ్ళుగా ఊరందరి గెడ్డాలూ గీసిన చెయ్యి అనుకో అది. మా తాత గెడ్డం, మా నాన్న గెడ్డం, అన్నీ ఆ చేతి కిందవే. అట్టాంటిది ఒకనాడు కరణంగారి చెవి తమ్మె మీద బియ్యపుగింజంత గాటు పడింది. గాటు బియ్యపుగింజంత, మాట మాత్రం ఊరంత అయింది. ఇక చూడు, నిన్నటిదాకా ఎల్లమందా ఎల్లమందా అని పిలిచినోళ్ళు, ఇంకా పెరగలేదులే, వచ్చేవారం చూద్దాంలే అని గెడ్డాలు నిమురుకుంటా పక్క సందులోంచి పోతన్నారంట. ఊళ్ళో మగాళ్ళంతా ఒక్కసారే సాధువుల్లా తయారయ్యారు.

ఇట్టా ఉండగా ఏమైందంటే, వెంగళరెడ్డి కొడుక్కి పెళ్ళి కుదిరింది. మన వైపు పెళ్ళికొడుకుని చేసేరోజు పీట మీద కూచోబెట్టి, ఆ ఇంటికి ఆనవాయితీగా క్షవరం చేసేవాడే గెడ్డం గీసి గోళ్ళు తియ్యాల. ఆ రోజు ఇంకా పన్నెండు రోజులుందనగా వెంగళరెడ్డి ఎల్లమందని పిలిపించాడంట. పిలిపించి, ఇట్టా అంటన్నానని ఏమీ అనుకోబాక ఎల్లమందా, పీట మీద పిల్లోడికి నెత్తురు చుక్క కనపడిందంటే ఆడపెళ్ళివాళ్ళు అపశకునం అంటారు, పక్కూరి నుంచి ఇంకొకర్ని పిలుస్తాను అన్నాడు. ఎల్లమందకి అది ఒక్క గెడ్డం మాట కాదు. ఎందుకంటావా, పెళ్ళిపీట దగ్గర చెయ్యి పెట్టినోడే ఊళ్ళో అన్ని గెడ్డాలకీ చెయ్యి పెడతాడు. ఇక తన కత్తుల పొది దూలానికి వేలాడదీసుకోవడమే. ఎల్లమంద, అయ్యా, ఆ పిల్లోడి పుట్టెంట్రుకలు తీసింది నేనే గదా, ఆరోజు దాకా గడువియ్యండి, వణికినా తెగకుండా గీస్తాను అన్నాడంట. ఎట్టా గీస్తావయ్యా అంటే, అది నాకూ ఇంకా తెలవదు అన్నాడు. వెంగళరెడ్డి మంచోడే. సరే, పక్కూరాయన్నీ వచ్చి కూచోమంటా, నీ చెయ్యి సరిగా లేకపోతే ఆయన చేస్తాడు అన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే పెళ్ళాం ఈరమ్మ అన్నదంట, మా అన్న మిలట్రీ నుంచి వచ్చినప్పుడు చూళ్ళేదా, ఇంత పిడి, దానికి తల, లోపల బ్లేడు పెట్టి బిగిస్తాడు, రైల్లో కూచుని గీసుకున్నా గాటు పడదంట, అట్టాంటిది తెచ్చుకో అని. తెల్లారి సంత. ఎల్లమంద పోయాడు. ఇక్కడే చెయ్యకూడని పొరపాటు చేశాడు. వాళ్ళ పనిలో కత్తి ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిదన్నమాట. ఆ లెక్కన అంగట్లో ఉన్నవాటిల్లో తేలికపాటిది, మొహం కనపడేంతగా మెరిసేది చూసి తెచ్చుకున్నాడు. తెచ్చి, ఎవరి మీద నేర్చుకోవాల? గెడ్డం ఇచ్చేవాడు లేడే. తన కాళ్ళకే సబ్బు రుద్దుకుని గీసుకోవడం మొదలుపెట్టాడంట. ఈరమ్మ నవ్వలేక చచ్చింది. నవ్వితే నవ్వావులే, నెత్తురుందేమో చూడు అన్నాడంట. లేదు. చెయ్యి వణుకుతానే ఉంది, కాలు మాత్రం నున్నగా వచ్చింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

కానీ అలవాటు ఎక్కడికి పోద్ది? కత్తి గీసినప్పుడల్లా నురగ దులపడానికి ఇత్తడి గిన్నె అంచు మీద టక్కున ఒక్కటి కొడతాడు. యాభై ఏళ్ళ అలవాటు, నిద్రలో కూడా కొడతాడంట, ఈరమ్మ చెప్పేది. మూడో రోజు అట్టా టక్కున కొట్టాడో లేదో, రేజరు తల ఊడి గిన్నెలో బుడుంగున పడింది. తలని పిడికి బిగించే మర సగానికి విరిగి పిడిలోనే ఉండిపోయింది. ఇంకొకడైతే విసిరి కొట్టేవాడు. ఎల్లమంద ఏం చేశాడనుకున్నావ్, ఆ విరిగినచోట ఏముందా అని ఎండలో పెట్టి చూశాడంట. పైనేమో వెండి మెరుపు, లోపలేమో బూడిదరంగు, విరిగిన బెల్లంగడ్డలాగా పలుకులు పలుకులుగా ఉంది. ఇదేందే ఈరమ్మా, పైన ఒకటీ లోపల ఒకటీనా అని రోజంతా దాన్నే తిప్పి తిప్పి చూశాడు. అన్నం చల్లారిపోయింది.

మర్నాడు దాన్ని పట్టుకుని బడి గోడ పక్కన గిన్నెలకి కళాయి పూసే హుసేన్‌బీ దగ్గరికి పోయాడు. ఆమె ఒక్కసారి చేత్తో ఎగరేసి పట్టుకుని, బాబాయా, ఇది పోత సత్తు, తుత్తునాగంలే, కరిగించి అచ్చులో పోసి పైన మెరుపుపూత పూశారు, దెబ్బకి ఆగదు, తడికి ఆ పూత పొక్కిందంటే లోపల్లోపల తినేస్తది అన్నదంట. మరి ఏదాగుద్ది అమ్మాయ్ అంటే, స్టీలుదైతే పూతే అక్కర్లేదు, కానీ మన సంతకి అదింకా రాలేదు, ఇత్తడిది దొరికితే చూడు, దానికీ పూత ఉంటది గానీ పూత పోయినా ఇత్తడి ఇత్తడే గదా అంది. రెండూ పైకి తెల్లగానే మెరుస్తయ్యి, ఎట్టా తెలుస్తది అన్నాడు. అప్పుడు హుసేన్‌బీ తిత్తి ఊదడం ఆపి చెప్పిందంట, పూత పూసేదాన్ని నేను చెప్తన్నా విను, పూత ఎప్పుడూ కంటికి కనపడేచోటే బాగుంటది, పిడిలో మర ఎక్కే బెజ్జం ఉందే, అక్కడ సరిగా అందదు, అందులోకి చూడు. తల కింద మర గాడులు చూడు, తిప్పి తిప్పి పూత అరిగిపోయేది అక్కడే. పసుపు కనపడిందా ఇత్తడి. బూడిద కనపడిందా, దండం పెట్టి కింద పెట్టెయ్. దారానికి కట్టి కొట్టినా తెలుస్తది, ఇత్తడి పలుకుద్ది, సత్తు పలకదు.

ఇంకేం, మళ్ళీ సంతరోజు వచ్చింది. పెళ్ళికొడుకుని చేసేది ఇంకా నాలుగు రోజులే. ఎల్లమంద అంగట్లో కూచుని ఒక్కో రేజరు విప్పడం, బెజ్జాన్ని ఎండ వైపు పెట్టడం, ఒక కన్ను మూసి చూడటం. అంగడాయన, మామా, గెడ్డం గీసేది ఆ కొస కాదు ఈ కొస అన్నాడంట. చుట్టూ నలుగురు నవ్వారు. నవ్వనీ. ఒకటి బూడిద, రెండోది బూడిద. మూడోది అల్యూమినియంది, దూదిలాగా ఉంది, ఎల్లమంద చెయ్యి తీసుకో తీసుకో అంటంది. తల బిగించబోతే మర పక్కకెక్కి జారింది, ఇంకాస్త బిగిస్తే గాడులే పోయేట్టున్నాయి. అదీ పెట్టేశాడు. ఇంకేం లేవా అంటే, బుట్ట అడుగున ఒకటుంది, ఎవరో వాడి తిప్పి ఇచ్చింది, నల్లబడింది, బరువు, నీకెందుకులే అన్నాడు అంగడాయన. తియ్యమన్నాడు. బెజ్జంలోకి చూస్తే పసుపు. తల విప్పి మర చూస్తే అరిగిన చోటల్లా పసుపు. దారానికి కట్టి తాళంచెవితో కొడితే ఖంగుమన్నది. అయినా అంత బరువు చూసి భయపడ్డాడంట, వణికే చేతికి ఇదేం మొయ్యను అని. అక్కడే పంచె ఎగ్గట్టి, నీళ్ళతో తడుపుకుని కాలి మీద గీశాడు. చిత్రం చూడు, తేలిక దానితో గజగజలాడిన చెయ్యి దీని బరువుకి కుదురుగా కూచుంది. నొక్కక్కర్లేదు, ఆనిస్తే చాలు, అదే దిగుతంది. ఎల్లమందకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంట. సంతలో అందరూ చూస్తన్నారని సబ్బు పడిందన్నాడు. సబ్బెక్కడుంది అక్కడ, నీళ్ళే గదా.

పెళ్ళికొడుకుని చేసేరోజు పందిట్లో జనం. పక్కూరాయన పొది ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద సిద్ధంగా కూచున్నాడు. ఎల్లమంద నురగ పట్టించి ఒక గీత గీసి, అలవాటుగా గిన్నె అంచు మీద కొట్టాడు. ఖంగుమంది. మనసులో ఈరమ్మ, ఊడింది దేవుడో అనుకుందంట. ఊడలా. మళ్ళీ గీత, మళ్ళీ ఖంగు. కొట్టినప్పుడల్లా వెంగళరెడ్డి ఉలిక్కిపడి కొడుకు మొహం చూడటం, అక్కడ ఏమీ లేకపోవడం. ఒక చెంప అయింది, రెండో చెంప అయింది, గొంతు కింద అయింది. అంతా అయ్యాక వెంగళరెడ్డి తెల్ల తువ్వాలు తీసుకుని కొడుకు మొహం గట్టిగా తుడిచి, తువ్వాలు విప్పి అటూ ఇటూ చూశాడు. తెల్లగానే ఉంది. కొడుకుని లేపి, ఆ పీట మీద తనే కూచుని గెడ్డం పైకెత్తాడు. ఎల్లమంద చెయ్యి అంతకుముందుకంటే ఎక్కువ వణికిందంట అప్పుడు. అయినా గాటు పడలేదు.

పక్కూరాయన ఏం చేశాడంటే, పొది కట్టేసుకుని పోతా పోతా ఆగి, మామా, సంతలో రేజర్ల బెజ్జాల్లోకి చూశావంట గదా, ఏం రంగు చూడాల అని అడిగాడంట. ఎల్లమంద రేజరు విప్పి చేతికిచ్చి, అడగబాక, చూడు అన్నాడు.

ఎల్లమంద పోయి చాలా ఏళ్ళయింది. ఆ రేజరు ఇప్పుడు వాళ్ళ మనవడి దగ్గరుంది, పూతంతా పోయి నిండా పసుపే. నువ్వు రాసుకుంటన్నావు గదా, ఇది కూడా రాసుకో, మొన్న నేనూ దాంతోనే గీయించుకున్నా. ఆ వంశానికి ఆ టక్కున కొట్టే అలవాటు పోలేదు. రేజరు మెడకేమీ కాలేదు గానీ, కొట్టీ కొట్టీ ఆ ఇత్తడి గిన్నె అంచే ఇంత లోతున సొట్టబోయింది. ఇప్పుడు మనవడు ఇంకో గిన్నె కోసం చూస్తన్నాడు.