వెండిరంగు రాజు

పరాయి దేశంలో ఒక పాత ఊరు. కోట గుమ్మం ముందు రాతి బెంచీ మీద భార్యాభర్తలు. ఎదురుగా, మాట వినిపించేంత దూరంలో, చెక్కపెట్టె మీద ఒక మనిషి. ఒళ్ళంతా వెండిరంగు, నెత్తిన అట్ట కిరీటం. శిలలా నుంచున్నాడు.

“ఛీ, మళ్ళీ రెట్ట వేసింది. ఈ ఊళ్ళో మనుషులకన్నా పావురాలే ఎక్కువ. చొక్కా మీద పడిందా చూడు.”

“పడలేదు లెండి. కూర్చోండి.”

“ఏం కూర్చోను? కింద రాయి చెమ్మ. ఆ కాలవ చూస్తే మురుగు కంపు. దాంట్లో పడవలెక్కి ఊరేగుతున్నారు జనం, ముక్కులున్నాయో లేవో.”

“మన వీధి కాలవ గుబాళిస్తుంది పాపం.”

“మన కాలవకి టిక్కెట్టు పెట్టలేదు కదే. ఇక్కడ దొడ్డికెళ్ళాలన్నా టిక్కెట్టే. పద, మనవాళ్ళంతా గైడు గొడుగు వెనకాల గొర్రెల్లా కోటలోకి పోయారు.”

“నా మోకాళ్ళు అన్ని మెట్లు ఎక్కలేవండీ.”

“పొద్దున బజార్లో ఏమయ్యాయి ఆ మోకాళ్ళు? ఒక్క కొట్టు వదల్లేదు.”

“అవి గడపలు. ఇవి మెట్లు.”

“నీ నోటికో దండం. సరే, వేరే బెంచీ చూడు. ఈ వెధవ ఎదురుగానే కూర్చోవాలా? కాళ్ళూ చేతులూ దుక్కల్లా ఉన్నాయి. ఒంటికి రంగు పూసుకుని, అట్టముక్క నెత్తిన పెట్టుకుని… థూ!”

“మెల్లిగా. వింటాడు.”

“వింటే మాత్రం? మన మాట వీడికేం తెలుస్తుంది?”

“అవును లెండి… ఏం తెలుస్తుంది.”

“అడుక్కోవడానికి మళ్ళీ రాజు వేషం ఒకటి!”

“అడుక్కోవడం కాదండీ. ఆ టోపీలో నాణెం వేస్తే కదులుతాడు. వంగి దండం పెడతాడు. అదుగో, ఆ చంటిపిల్ల వేస్తోంది చూడండి… అబ్బ, ఎంత అందంగా వంగాడో! అదేంటి, అటు తిరిగారేం?”

“ఎండ.”

“మబ్బు పట్టిందండీ.”

“అయితే మబ్బే. నీకేంటి?”

“మీరూ ఒక నాణెం వేయండి.”

“వేయను.”

“చిల్లర లేదా? నేనిస్తా.”

“వేయనంటే వేయను. పాలపళ్ళ పిల్లకి కూడా నడుం వంచాడు, సిగ్గూ శరం లేకుండా.”

“మీ తమ్ముడు గుర్తొచ్చాడా?”

“వాడి ఊసెత్తకు.”

“చిన్నప్పుడు నిమిషం కాలు నిలిచేది కాదటగా. కాలుగాలిన పిల్లి అని తిట్టి…”

“ఎత్తకన్నానా! నాటకాల వెధవ! నాన్న శవం లేచే వేళకి ముఖాన ఎర్రరంగుతో వచ్చి నిలబడ్డాడు. ఊరంతా చూసింది. ”

“కడుక్కుంటూ కూర్చుంటే ఆఖరిచూపు దక్కదని, ఆట మధ్యలోంచి పరిగెత్తుకొచ్చాడండీ. మీరేమో రెక్క పట్టి బయటికి ఈడ్చారు. తండ్రి ముఖం చూడనివ్వలేదు.”

“నా కాళ్ళ మీద పడితే గడప తొక్కనిస్తానని ఆ రోజే చెప్పాను.”

“మీరు చెప్పారు. వాడు పడలేదు. ఇద్దరూ ఒకే తాను గుడ్డలు. పన్నెండేళ్ళయింది.”

“ఇక చాలు, బస్సు దగ్గరికి పద. రేపటితో ఈ దరిద్రపు ఊరి పీడ వదిలిపోతుంది.”

“ఏమండీ… ఒకటి చెప్పాలి. కోప్పడకూడదు.”

“అయితే చెప్పకు.”

“ఈ ఊరు నేను ఊరికే ఎంచుకోలేదు. మరిది అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటాడు. ఆ పెట్టె మీద ఉన్నది…”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“బస్సు దిగగానే తెలుసు. ఆ కుడిభుజం చూడు. బస్తాలు మోసీ మోసీ నాన్నకి అలా దిగిపోయింది. వీడు జన్మలో ఒక్క బస్తా ఎత్తలేదు. భుజం మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడో.”

“తెలిసేనా ఇందాకట్నుంచీ అన్నేసి మాటలన్నారు!”

“వినాలనే అన్నాను.”

“అయితే ఇంకేం, వెళ్ళి నాణెం వేయండి. వంగుతాడు. మీ పంతం నెగ్గుతుంది. బస్సెక్కుదాం.”

“ఛీ! చిల్లర పైసకి ఎవడికి పడితే వాడికి పెట్టే దండం నాకెందుకే? మా నాన్న కొడుకు నడివీధిలో అలా వంగుతుంటే… చూడలేకే కదా అటు తిరిగింది.”

“ఎక్కడికండీ? బస్సు అటు కాదు. ఏమండీ! కొట్టకండి, జనం ఉన్నారు!”

“ఒరేయ్. దిగు.”

“పనిలో ఉన్నప్పుడు కదలకూడదండీ వాడు…”

“నువ్వాగవే. దిగరా. రేపు పొద్దున్నే పోతున్నాం మేము. రాత్రికి వచ్చి మీ వదినతో, నాతో కూర్చుని నాలుగు మెతుకులు తిను. ఏం, వినపడ్డం లేదా? నాణెం వేస్తేగానీ కదలవా?”

“అక్కర్లేదన్నయ్యా. ముఖం కడుక్కుని రానా, ఇలాగే రానా?”