పదహారు తీసి ముప్పై రెండు

ముందు రెండు గదుల్లో కాపురం, వెనక రేకుల గదిలో వడ్రంగి పని. రెండింటికీ కరెంటు మోసేది గోడలో ఒకటే తీగ. వంటగది గోడ నల్లబడి వాసన కొట్టాక వడ్రంగీ అతని భార్యా కరెంటు మనిషిని పిలిపించారు. అతను మెయిన్ ఆపి, బోర్డు మూత విప్పి పావుగంటైంది.

"కరిగిపోయింది బాబాయ్. తీగ మీద తొడుగన్నదే లేదు, చూడు. మిగిలిన కాస్తా ముట్టుకుంటే పెళుసుగా రాలుతోంది."

"సరేలే, ఆ ముక్క మార్చెయ్యి. రేపటికి నాలుగు తలుపులు ఇవ్వాలి."

"ఆ ముక్కా? గోడంతా ఇదే ముక్క. ఇంకో రెండు రోజులు ఊరుకుని ఉంటే నన్ను కాదు, ఫైరింజన్ని పిలవాల్సొచ్చేది."

"నేను చెప్తూనే ఉన్నా నాయనా, వాసనొస్తోందని. వింటేగా! రంపపు పొట్టు వాసన అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ పొట్టు ఊడుస్తున్నదాన్ని, ఆ వాసనేదో నాకు తెలీదూ?"

"నువ్వుండవే. ఇవాళ వాదించే ఓపిక లేదు నాకు."

"నాకు మాత్రం ఉందా?"

"బాబాయ్, ఒక్క మాటడుగుతా, నిజం చెప్పు. ఈ ఎమ్‌సీబీ ఎవరు పెట్టారు? నేను పెట్టింది పదహారు ఆంపియర్లది. ఇక్కడున్నది ముప్పై రెండు."

"ఏదైతేనేం. మీట మీటే కదా."

"మీట కాదు బాబాయ్, కాపలా. తీగ మోయలేనంత లోడు పడితే, తీగ కాలకముందే ఇది పడిపోవాలి. ఇది సన్న తీగ, దీనికి పదహారు దాటకూడదు. ముప్పై రెండు పెట్టావంటే తీగ కాలిపోతున్నా ఇది కదలదు."

"ఊరికే పడిపోతోంది మరి. పనికడ్డం. షాపులో అడిగితే పెద్దది పెట్టుకో, పడదన్నారు."

"వాళ్లకేం, ఇల్లు వాళ్లదా? ఎప్పుడు మార్చావు?"

"మొన్న."

"మొన్నంటే?"

"మొన్నంటే మొన్నే... చెయ్యి మానాక. మళ్లీ పనిలోకి దిగిన రోజు."

"అవును, ఆ వేలేంటసలు? నేను ఊళ్లో లేనప్పుడు తెగిందట కదా."

"ఏముంది. చెయ్యి జారింది."

"నలభై ఏళ్లు రంపం పట్టిన చెయ్యి జారిందట నాయనా! రెండు కణుపులు పోయాయి. కరెంటు పోయి వచ్చింది, హడావిడిగా మళ్లీ మొదలుపెట్టా, చెయ్యి జారింది. ఎప్పుడడిగినా ఇదే పాట."

"జారిందీ అంటే జారింది. ఎన్నిసార్లు చెప్పాలి? నువ్వు తీగ సంగతి చూడు అబ్బాయ్."

"అదే చూస్తున్నా. లెక్క కుదరట్లేదు. నీ రంపం మిషనొక్కటే అయితే తీగ ఇంతగా కాలదు. పిన్నీ, ఈ లైను మీద ఇంట్లో ఇంకేం నడుస్తాయి?"

"ఏముంటాయి... ఫ్యాను. ఫ్రిజ్జు."

"గీజరు?"

"అదెప్పుడో తెల్లారి ఒకసారి వేస్తాం."

"తెల్లారి మిషను నడవదుగా. మధ్యాహ్నం వెయ్యరా?"

"మధ్యాహ్నం గీజరెందుకు నాయనా?"

"నేనూ అదే అనుకున్నా. ఇందాక చెయ్యి కడుక్కుందామని పంపు తిప్పితే, నీళ్లు ఇంకా పొగలు కక్కుతున్నాయి. ఇస్త్రీ పెట్టె ప్లగ్గులోనే ఉంది. పక్కన ఇస్త్రీకి ఒక్క బట్ట లేదు."

"మర్చిపోయుంటా."

"పిన్నీ, దాచితే నాకేం పోదు. రాత్రికి ఈ గోడ పక్కన పడుకునేది మీరిద్దరే."

"ఏమని చెప్పమంటావు? అన్నానికి రమ్మంటే రాడు. వస్తున్నా అంటాడు, అరగంట. వస్తున్నా అంటాడు, గంట. షుగరు మనిషి. పోయినేడు ఆ పొట్టులోనే కళ్లు తిరిగి పడ్డాడు. ఆ మిషను మోతలో అరిచి అరిచి నా గొంతు పోయింది."

"అందుకని?"

"అందుకని గీజరు వేసి, ఇస్త్రీ పెట్టె పెట్టేదాన్ని. టప్పున పడిపోయేది. మిషను ఆగేది. తిట్టుకుంటూ బోర్డు దగ్గరికొచ్చేవాడు. చెయ్యి పట్టుకుని కంచం ముందు కూర్చోబెట్టేదాన్ని."

"చేత్తో మీట దించితే పోయేదిగా?"

"దించితే ఊరుకుంటాడా? ఇల్లు పీకి పందిరేస్తాడు. ఇలాగైతే నీ మిషనే పడగొట్టిందని అనొచ్చు. ఈ మధ్య ఏమొచ్చిందో, ఎన్ని వేసినా పడట్లేదు. గీజరు వేశా. ఇస్త్రీ పెట్టె పెట్టా. చివరికి నీళ్ల మోటారు కూడా వేశా. పడదే!"

"బాగుంది సంబడం! ఈయనేమో పడకూడదని పెద్దది పెట్టడం, నువ్వేమో పడాలని లోడు పెంచడం. మధ్యలో తీగేం పాపం చేసింది?"

"మార్చానని ఒక్క మాట చెప్పాడా?"

"నువ్వు చెప్పావా, గీజరు సంగతి?"

"నువ్వు అన్నానికొచ్చావా?"

"ఆపండి, ఆపండి. చేసేది చెప్తా, ఇద్దరూ వినండి. మీటరు దగ్గర్నుంచి వెనక గదికి విడిగా లావు తీగ లాగుతా. దానికి తగ్గ ఎమ్‌సీబీ, ఎర్తు, అన్నీ విడిగా. ఇంటి లైనుకు కొత్త తీగ వేసి మళ్లీ పదహారే. వీటన్నిటికంటే ముందు, మిషనుకున్న మామూలు స్విచ్చి పీకేసి స్టార్టర్ పెట్టాలి."

"స్టార్టర్ వద్దులే. దండగ."

"దండగా? అది లేకపోతే నేను కనెక్షనే ఇవ్వను."

"వద్దన్నానా!"

"ఎందుకు వద్దంటాడు నాయనా? ఏం చేస్తుందది?"

"ఏం లేదు పిన్నీ. ఇప్పుడు కరెంటు పోయిందనుకో, రంపం ఆగుతుంది. స్విచ్చి మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. మళ్లీ..."

"అబ్బాయ్, ముందు తీగ కొలువు. పొద్దుపోతోంది."

"ఒక్క నిమిషం బాబాయ్. మళ్లీ కరెంటొచ్చిందంటే, ఎవరూ ముట్టుకోకుండానే రంపం తిరుగుతుంది. ఆగింది కదా అని అప్పుడే చెయ్యి పెట్టి ఇరుక్కున్న చెక్క తీస్తుంటే, అంతే సంగతులు. స్టార్టర్ ఉంటే మళ్లీ పచ్చ బటన్ నొక్కేదాకా కదలదు."

"ఎవరూ ముట్టుకోకుండానే తిరుగుతుందా?"

"తిరగదూ? ఇక్కడ బోర్డులో మీట పైకెత్తితే చాలు."

"చెప్పింది చాలు. నువ్వు బజారుకెళ్లి సామాను పట్రా."

"సరే, వెళ్తా. మెయిన్ మాత్రం ఎత్తకండి, నేనొచ్చేదాకా."

"ఎత్తంలే. వెళ్లిరా."

"ఏమయ్యా."

"ఊఁ."

"వేలు తెగిన రోజు కూడా నేనే పడగొట్టా. రోజూ బోర్డు దగ్గరికొచ్చేవాడివి, ఆ రోజు రాలేదు."

"చెక్క ఇరుక్కుంది. అది తీసి వద్దామని..."

"తీసి?"

"ఏం లేదు. తర్వాత తీద్దాంలే అనుకున్నా."

"అలిగావనుకున్నా నేను. పోనీలే, పని చేసుకోనీ అని గీజరు ఆపేసి నేనే మీట ఎత్తాను."

"ఎవరెత్తితే ఏంలే."

"ఎత్తీ ఎత్తగానే నువ్వు కేకేశావు. ఎత్తీ ఎత్తగానే."

"ఇంకెందుకే అవన్నీ."

"నీకు తెలుసు. మళ్లీ పడకూడదని, నేను మళ్లీ ఎత్తకూడదని పెద్దది పెట్టావు. తలుపుల కోసం కాదు. నాకు తెలిస్తే తట్టుకోలేనని..."

"చెయ్యి జారిందే. నా చెయ్యే జారింది. వడ్డించు, వస్తున్నా."