పడవలకు దూరం నేర్పిన పెద్దక్క

1991 జూన్ పదిహేడో తేదీ ఉదయం సముద్రజీవుల సంరక్షణ కార్యాలయంలో చేరుతూ సంతకం పెట్టవలసిన పెద్దక్కగారు, ఆ వేళకు మోకాటి లోతు నీళ్లలో నిలబడి జనాన్ని కసురుతున్నారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ మీద ఊరంతా బిందెలతో నీళ్లు కుమ్మరిస్తోంది.

"నడినెత్తిన పొయ్యకండి బాబూ. దానికి ముక్కు అక్కడే ఉంది. మీ ముక్కులో బిందెడు పోస్తే ఊరుకుంటారా?"

ఊపిరి రంధ్రం వదిలి ఒళ్లంతా తడిగుడ్డ కప్పించారు. గొడుగులతో నీడ పట్టించారు. పోటు వచ్చి అది లోతుకు వెళ్లాకే ఆఫీసు గుమ్మం ఎక్కారు.

ఆ తరువాత ఆమె సేవ ఎక్కువగా పడవల మీదే సాగింది. వలలో చిక్కిన డాల్ఫిన్‌ను లాగి చంపకుండా వల కోసి వదిలితే, కోసిన వలకు బదులు కొత్తది ఇప్పించే ఏర్పాటు చేయించారు. విహారపు పడవలు డాల్ఫిన్ల వెంటపడకుండా, వేగం తగ్గించి దూరం నుంచే చూపించేలా ఒప్పించారు. ఎవరూ మేత వేయకూడదనీ, వేసినవాడు ఆ సీజనంతా చుక్కాని వదిలి ఒడ్డున ఉండాలనీ పడవలవాళ్ల చేతే కట్టుబాటు పెట్టించారు.

నిరుడు ఒక డాల్ఫిన్ పిల్ల పడవ కనబడితే చాలు, నోరు తెరుచుకుని రావడం మొదలుపెట్టింది. ఒకరోజు ఇంజన్ రెక్క తగిలి దాని వీపు చీలింది. ఎవరో దానికి మేత అలవాటు చేశారు. నలుగురి నోళ్లూ విహారపు పడవ నడిపే కుర్రాడి మీదే పడ్డాయి.

అదే వారం ఇంట్లో బట్టలు ఉతుకుతూ పెద్దక్కగారు భర్త చొక్కా జేబు తిరగేస్తే చేప పొలుసులు రాలాయి. ఆయన ప్రయాణికుల లాంచీ నడిపే సరంగు. జన్మలో చేప ముట్టని మనిషి.

"ఇవేంటండీ?"

"పాపం, ఆకలిగా చూస్తుందే. నాలుగు చేపలేగా."

"మీరు వేసింది చేప కాదు. రెక్క కిందకి రమ్మని పిలుపు. రేపు పడవలవాళ్ల మీటింగులో మీరే చెప్పండి."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

మర్నాడు రేవు గదిలో ఆయన వెనక బెంచీలో కూర్చుని తల దించుకున్నారు. ముసలి పడవవాడొకాయన తెగేసి చెప్పాడు. "దొంగ దొరక్కపోతే మాకూ ఏ కట్టుబాటూ వద్దమ్మా. లేదా ఈ కుర్రాణ్ని దింపెయ్యండి."

"నేను వెయ్యలేదు బాబాయ్," అన్నాడు కుర్రాడు. ఎవరూ వాడి వైపు చూడలేదు.

భర్త లేస్తారేమోనని పెద్దక్కగారు వెనక బెంచీ వైపు చూశారు. నోరు విప్పితే ఇంట్లో మనిషి పరువూ పనీ పోతాయి. విప్పకపోతే, ఇన్నేళ్లుగా కూడగట్టిన మాట నీళ్లపాలవుతుంది, దాంతో పాటు ఆ డాల్ఫిన్ పిల్లా పోతుంది. కుర్చీ వెనక్కి జరిపి లేచారు.

సీజనంతా చుక్కాని వదిలి, ఒడ్డున టికెట్లు చింపిన ఆయనా, రోజూ సాయంత్రం రేవుకు వెళ్లి ఆయనను వెంటబెట్టుకుని ఇల్లు చేరిన పెద్దక్కగారూ ఈ పదవీ విరమణ తరువాత ఇకపై తీరిగ్గా, ఆరోగ్యంగా నిండు నూరేళ్లు కలిసి నడవాలని ఆఫీసులో ఆమెతో పనిచేసిన మేమంతా మనసారా కోరుకుంటున్నాం. ఆనాడు ఆ గదిలో లేచి నిలబడి ఆమె అన్నది ఇంతే.

"కుర్రాణ్ని వదిలెయ్యండి. మేత వేసింది లాంచీ సరంగు. మా ఆయన."